కరెంటు పోతే ఏమయ్యేది?

ఎదుటి మనిషికి ఇన్నేళ్లలో అన్నిటికన్నా ఇష్టమైన వీడియో గేమ్ ఏదో, పేరు చెప్పించకుండా పట్టెయ్యడానికి మూడు ప్రశ్నలు చాలు. ఎక్కడ ఆడావు? పక్కన ఎవరు కూర్చున్నారు? కరెంటు పోతే ఏమయ్యేది?

బీదర్‌లో మా పెద్దమ్మగారింట్లో దసరాకి అందరం చేరినప్పుడు, రాత్రి భోజనాలయ్యాక నడిచే ఆట ఇది. పొడుపు కథలు బాగా నడిచిన ఇల్లు కాబట్టి దీనికీ ఆ పద్ధతులే వచ్చాయి. పేరు చెప్పకూడదు. అబద్ధం ఆడకూడదు. ట్యూను పాడకూడదు. ఈ మూడోది తర్వాత పెట్టుకున్న నియమం. సూపర్ మారియో ట్యూను రెండు ముక్కలు కూనిరాగం తీస్తే చాలు, గోడ అవతలి వాళ్లు కూడా పేరు చెప్పేస్తున్నారు. కోజీ కొండో కట్టిన ఆ బాణీని అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2023లో కలకాలం భద్రపరచాల్సిన రికార్డింగుల్లో చేర్చింది. ఒక వీడియో గేమ్ సంగీతానికి ఆ చోటు దక్కడం అదే మొదటిసారి. అంత తెలిసిన పాటను ఆధారంగా ఇస్తే ఇక ఆటేముంది?

మూడు ప్రశ్నల్లో అసలుది మూడోది. "మళ్లీ మొదటి నుంచే" అన్నారంటే ఆ మనిషిది క్యాసెట్ల కాలం. "యూపీఎస్ కుయ్యోమని మొత్తుకునేది, రెండు నిమిషాల్లో సేవ్ చేసుకోవాలె" అంటే ఇంట్లో సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ ఉన్నవాడు. "ఓనర్ రూపాయి వాపస్ ఇచ్చేటోడు కాదు" అంటే గల్లీ చివరి వీడియో గేమ్ దుకాణంలో పెరిగినవాడు. "కరెంటుతో పనేంది, ఛార్జింగ్ ఉంది గదా" అన్నవాళ్ల సంగతి మీకే తెలుసు. పుట్టిన సంవత్సరం అడిగినా ఇంత కచ్చితంగా దొరకదు.

ఇది బీదర్‌లోనే ఇంత బాగా పండటానికి కారణం ఉంది. హైదరాబాద్ నుంచి జహీరాబాద్ మీదుగా సుమారు 140 కిలోమీటర్లు వెళితే వచ్చే ఊరు. 1956 నవంబరు 1 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉండి, ఆ తర్వాత అప్పటి మైసూరు రాష్ట్రంలో కలిసింది. పెద్దమ్మ పిల్లలు ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం, గల్లీలో దక్కనీ మాట్లాడుతూ పెరిగారు. భాల్కీ వైపు స్నేహితులతో మరాఠీ కూడా నడిచేది. మాటలు ఎటు నుంచి వచ్చినా ఆట సామాన్లు మాత్రం హైదరాబాద్ నుంచే వచ్చేవి. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న డబ్బా, సికింద్రాబాద్ పార్క్‌లేన్ సీటీసీలో బేరమాడిన సీడీ, నుమాయిష్‌లో ఏడ్చి ఇప్పించుకున్న బ్రిక్ గేమ్, అన్నీ బస్సు సీటు కింద పెట్టుకుని తెచ్చినవే. ఒక గేమ్ ఒక మనిషి దాకా వచ్చిన దారి పట్టుకుంటే పేరు దానంతట అదే దొరుకుతుంది.

ప్రపంచంలో జాబితాలకు కొదవ లేదు. 2025 ఏప్రిల్‌లో బ్రిటన్‌లోని బాఫ్టా సంస్థ, ఇప్పటిదాకా వచ్చినవాటిలో అన్నిటికన్నా ప్రభావం చూపిన గేమ్ ఏదని జనాన్ని అడిగింది. మొదటి స్థానం షెన్మూకి వచ్చింది. సెగా కంపెనీ డ్రీమ్‌కాస్ట్ అనే యంత్రం కోసం 1999లో తెచ్చిన గేమ్ అది. రెండోది డూమ్, మూడోది సూపర్ మారియో బ్రదర్స్. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో స్ట్రాంగ్ మ్యూజియం వాళ్లు 2015లో వీడియో గేమ్‌లకు హాల్ ఆఫ్ ఫేమ్ మొదలుపెట్టి తొలి ఏడాది ఆరింటిని ఎక్కించారు: పాంగ్, ప్యాక్‌మ్యాన్, టెట్రిస్, సూపర్ మారియో బ్రదర్స్, డూమ్, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్. పెద్దమ్మగారి హాల్లో కూర్చున్నవాళ్లలో షెన్మూ పేరు విన్నవాళ్లే లేరు. డ్రీమ్‌కాస్ట్‌ను ఫొటోలో కూడా చూడలేదు. అక్కడ తూకం వేసేది గేమ్ గొప్పతనాన్ని. ఇక్కడ అడిగేది, అది నీ చేతికెట్లా వచ్చిందని. అందుకే ఈ హాల్లో తేలే జాబితాకూ బాఫ్టా జాబితాకూ మారియో తప్ప పెద్దగా చుట్టరికం లేదు.

పెద్దన్నది అందరికన్నా తేలిక. "పక్కన తమ్ముడు కూర్చున్నడు, మూడో స్టేజిలో నన్ను సంపిండు" అనగానే ఎవరైనా చెప్తారు, కాంట్రా అని.

జపాన్‌లో నింటెండో కంపెనీ 1983 జులైలో ఫ్యామికామ్ అనే యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. మన దాకా వచ్చిన డబ్బాల్లో ఎక్కువ దాని నకళ్లే. లిటిల్ మాస్టర్ అని ఒకటి, మీడియా అని ఒకటి, టెర్మినేటర్ అని ఇంకొకటి. గేమ్ ఉన్న బిళ్లను క్యాసెట్ అనేవాళ్లం, చేతిలో పట్టుకునేదాన్ని రిమోట్ అనేవాళ్లం. క్యాసెట్ మీద '9999 ఇన్ 1' అని రాసి ఉండేది. లోపల నిజంగా ఉన్నవి ఏ పదో ఇరవయ్యో. అదే కాంట్రాను రెండో స్టేజి నుంచి ఒకసారి, ముప్ఫై లైఫులతో ఒకసారి, ఆకాశం రంగు మార్చి ఒకసారి పెట్టి లెక్క నింపేవాళ్లు. ఈ మోసం తెలిసీ ఎవరికీ కోపం రాలేదు. లిస్టులో కిందికి దిగుతూ పోతే ఎక్కడో ఒక కొత్త గేమ్ దొరక్కపోతుందా అన్న ఆశతో సెలవులు గడిచిపోయేవి.

కొనామి కంపెనీ కాంట్రాను 1987లో బజారు యంత్రాల కోసం చేసి, మరుసటి ఏడాది ఇంటి యంత్రానికి తెచ్చింది. ఇద్దరు సైనికులు, ఒకటే తెర. ఒక్క తూటా తగిలితే ప్రాణం పోతుంది. ఎగిరే గుళికను పేలిస్తే తుపాకి అక్షరం పడేది. 'ఎస్' పడిందంటే ఐదు తూటాలు విసనకర్రగా విచ్చుకునే గన్ను, దానికోసం ఇద్దరూ ఒకేసారి దూకేవాళ్లు. మూడో స్టేజి జలపాతం. అక్కడ పక్కకు కాదు, పైకి ఎక్కాలి. ముందున్నవాడు గబగబా ఎక్కేస్తే తెర కూడా వాడితోపాటు పైకి జరుగుతుంది. వెనకబడ్డవాడు కింద అంచు దాటితే శత్రువెవడూ తాకకుండానే చచ్చిపోతాడు. చిన్నన్న కావాలని ఎక్కాడని పెద్దన్న, నువ్వే నెమ్మదని చిన్నన్న. ఇద్దరికీ తలలు నెరిశాయి, తగాదా మాత్రం అక్కడే ఉంది. నా అనుమానం చిన్నన్న మీదే.

ముప్ఫై లైఫుల కిటుకు కథ వాళ్లకు చాలా ఆలస్యంగా తెలిసింది. పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బీ, ఏ. దీన్ని పెట్టింది కాజుహిసా హషిమోతో అనే కొనామి ఉద్యోగి. 1986లో గ్రేడియస్ అనే గేమ్‌ను ఇంటి యంత్రానికి మారుస్తున్నప్పుడు పరీక్షించి చూద్దామంటే అది తనకే కష్టంగా ఉందట. అందుకని తన సౌకర్యానికి ఒక దొంగదారి పెట్టుకుని, తీసెయ్యడం మర్చిపోయాడు. ఆయన 2020 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. ఆయన పేరు తెలియకుండానే ఆ పది నొక్కుళ్లు బీదర్ పిల్లల వేళ్లకు ఎక్కాయి.

కరెంటు పోతే? కాంట్రాలో సేవ్ అనేది లేదు. ఏడో స్టేజి దాకా వచ్చినా సరే, ఫ్యాను ఆగిందంటే అంతే సంగతులు. వేసవి కోతల కాలంలో కాంట్రా పూర్తి చెయ్యడానికి చెయ్యి వాటంతోపాటు కరెంటు వేళల మీద అవగాహన కూడా ఉండాలి. కోత ముగిసి కరెంటు వచ్చిన నిమిషానికే కూర్చోవాలని పెద్దన్న లెక్క. 

అదే క్యాసెట్‌లో బాతుల గేమ్ ఉండేది, డక్ హంట్. ప్లాస్టిక్ తుపాకితో టీవీని కాల్చాలి. గురి తప్పితే కుక్క లేచి నవ్వేది. ఆ తుపాకి ఏమీ కాల్చదు, చూస్తుంది అంతే. ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో తెర మొత్తం ఒక్క లిప్త నల్లబడి, బాతు ఉన్న చోట మాత్రం తెల్ల పెట్టె మెరుస్తుంది. తుపాకి గొట్టంలో ఉన్న సెన్సర్‌కు ఆ తెలుపు కనిపిస్తే బాతు పడినట్టు. పాత డబ్బా టీవీ ఆ మెరుపును అప్పటికప్పుడు చూపించేది. ఇప్పటి ఎల్‌ఈడీ టీవీ బొమ్మను సర్దుకుని చూపించేసరికి ఆ లిప్త దాటిపోతుంది. అటక మీది తుపాకి దింపి కొత్త టీవీకి గురిపెడితే ఒక్క బాతూ పడదు.

బావ ఒకాయన ఇచ్చిన ఆధారం ఇప్పటిదాకా వచ్చిన వాటిలో అందమైనది. "నా గేమ్ రెండు చోట్ల నడిచేది. టీవీల ఒకటి, ఇంటి మీద ఒకటి." బీదర్ తెలియనివాడికి ఇది తెగదు. ఊరి పక్కనే ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ ఉంది. పైలట్లు యుద్ధ విమానాల శిక్షణ తీసుకునే చోటు. 1996లో సూర్యకిరణ్ విన్యాసాల జట్టు పుట్టింది కూడా ఇక్కడే. పిల్లలు హాల్లో రిమోట్ పట్టుకుని విమానం నడుపుతుంటే డాబా మీదుగా నిజం విమానాలు ఇల్లు అదిరేలా పోయేవి. జవాబు 1942. క్యాప్‌కామ్ కంపెనీ 1984లో చేసిన విమానాల గేమ్. తెర మీద తూటా తప్పించుకోవడానికి విమానం గిరగిరా పల్టీ కొట్టేది. బావకు పైలట్ అవ్వాలని కోరిక పుట్టింది ఏ విమానం చూసో ఆయనే చెప్పలేడు. చివరికి బట్టల దుకాణం పెట్టాడు.

పక్కింటి భాయ్ మాత్రం ఆధారం ఇవ్వడానికే ఒప్పుకోడు. "మేరే గేమ్ కా నామ్ కిసీకూ నై మాలూమ్, హీరో కా నామ్ సబ్‌కూ మాలూమ్" అని సవాలు విసురుతాడు. గేమ్ పేరు ఎవరికీ తెలియదు, హీరో పేరు తెలియనివాడు లేడు. నిజమే. ముస్తఫా.

చౌబారా బురుజు దగ్గరి గల్లీల్లో వీడియో గేమ్ దుకాణాలు నడిచిన రోజులవి. చీకటి గది, మూడో నాలుగో నిలువెత్తు యంత్రాలు, రూపాయికి ఒక ఆట. వాటిలో పసుపు చొక్కా, టోపీ పెట్టుకున్న ఒకడు డైనోసార్ల మధ్య పరిగెత్తి ఎగిరి తన్నేవాడు. అసలు గేమ్ పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్. మార్క్ షుల్ట్జ్ గీసిన జీనోజోయిక్ టేల్స్ కామిక్స్ ఆధారంగా క్యాప్‌కామ్ 1993లో చేసింది. కథ 26వ శతాబ్దంలో జరుగుతుంది. హీరోలు నలుగురు: జాక్, హానా, మెస్, ముస్తఫా కైరో. ముగ్గురు పక్కపక్కన నిలబడి ఆడొచ్చు, ముగ్గురికీ ముస్తఫానే కావాలి. అక్కడే మొదటి కొట్లాట. అందరికన్నా వేగంగా కదిలేది అతనే. కొట్టుడు, దూకుడు రెండు బటన్లూ కలిపి నొక్కితే చుట్టూ ఉన్నవాళ్లంతా ఎగిరిపడేవాళ్లు, కానీ తన ప్రాణం కూడా కాస్త తరిగేది. రూపాయి మిగుల్చుకోవాలనుకునేవాడు ఆ బటన్ జోలికి పోడు.

ఈ గేమ్‌కి పెద్ద పెద్ద జాబితాల్లో చోటు ఉండదు. ఇంట్లో ఆడే యంత్రాల మీదికి అది అధికారికంగా ఎప్పుడూ రాలేదు. పెద్ద దేశాల్లో ఇంటి పట్టున కూర్చుని ఆడి, పెద్దయ్యాక జాబితాలు రాసినవాళ్లకు ఇది తారసపడే అవకాశం తక్కువ. ఈజిప్టులో, పాకిస్థాన్‌లో, హైదరాబాద్ పాతబస్తీలో, బీదర్‌లో దుకాణం ముందు నిలబడి ఆడినవాళ్లు మాత్రం దీన్ని ముస్తఫా గేమ్ అనే అంటారు. హాలీవుడ్ బొమ్మల్లో అలాంటి పేరున్నవాడు ఎక్కువగా మొదటి పది నిమిషాల్లోనే చస్తాడు. ఇక్కడ ఆ పేరు తమ గల్లీలోది, తన్నేది అతను, గెలిచేది అతను. ఈ గేమ్ ఎందుకు నచ్చిందని భాయ్‌ని అడగాల్సిన పని లేదు.

వదిన వంతు వచ్చినప్పుడు హాలంతా ఒక్క గొంతుతో క్యాండీ క్రష్ అంది. కాదు. లూడో కింగ్? కాదు. ఫార్మ్‌విల్? కాదు. మగవాళ్ల దగ్గర ఆడవాళ్ల కోసం ఉన్న మూడు జవాబులూ అయిపోయాయి. అప్పుడు ఎవరో మర్యాదగా మూడు ప్రశ్నలూ అడిగారు. ఎక్కడ ఆడావు? "బళ్లో." పక్కన ఎవరు? "ఇద్దరు. మౌస్ ఒకరు, కీబోర్డు ఒకరు, మూడో అమ్మాయికి టీచర్ వస్తుందేమో చూసే పని." కరెంటు పోతే? "కరెంటు దాకా ఎందుకు, బెల్లు కొడితే పోయేది."

ఈ జవాబులో ఒక ఊరి లెక్క మొత్తం ఉంది. చౌబారా దగ్గరి చీకటి దుకాణంలోకి ఆడపిల్ల వెళ్లే ప్రశ్నే లేదు. ఇంట్లో డబ్బా ఉంటే రిమోట్లు రెండే, రెండూ అన్నదమ్ముల చేతుల్లో. సైబర్ కేఫ్‌లో ప్లైవుడ్ అరలు, వాటికి కర్టెన్లు, అక్కడికీ కుదరదు. ఇక మిగిలింది బళ్లో కంప్యూటర్ ల్యాబ్. చెప్పులు బయట విడిచి, ఏసీ చలికి చేతులు కట్టుకుని, కంప్యూటర్‌కి ముగ్గురు చొప్పున కూర్చునే ఆ నలభై నిమిషాల పీరియడే అమ్మాయిలకు దొరికిన గేమ్ పార్లర్. అందులో దొరికేవి ఏవంటే, నల్ల తెర మీద పేరు టైపు చేస్తే తెరుచుకునేవి: డేవ్, ప్రిన్స్ ఆఫ్ పర్షియా.

వదినది ప్రిన్స్ ఆఫ్ పర్షియా. జోర్డన్ మెక్నర్ అనే అమెరికన్ కుర్రాడు దాదాపు ఒంటి చేత్తో చేసి 1989లో విడుదల చేసిన గేమ్. తమ్ముడు డేవిడ్‌ని పరిగెత్తించి, దూకించి, గోడ పట్టుకుని పాకించి వీడియో తీసి, ఒక్కొక్క ఫ్రేమూ దిద్ది రాకుమారుడికి ఆ కదలికలు ఇచ్చాడు. అందుకే ఆ బొమ్మ దూకితే నిజం మనిషి దూకినట్టే ఉంటుంది, అంచు పట్టుకుని వేలాడితే ఆ బరువు చూసేవాడి చేతుల్లో తెలుస్తుంది. కోట నేలమాళిగలో ఖైదీ, పైన గోపురంలో రాకుమారి, ఇసుక గడియారం. ఆట మొత్తం అరవై నిమిషాల్లో ముగించాలి. ఆలస్యమైతే ఆమె దక్కదు.

పీరియడ్ నలభై నిమిషాలు, గేమ్ అరవై. ఆట తేలకముందే బెల్లు కొట్టేస్తుంది. పైగా ముగ్గురూ వంతులు పడాలి. వదిన ఆ రాకుమారి దాకా ఎన్నడూ చేరలేదు. మూడో లెవెల్ నుంచి కంట్రోల్, జీ కలిపి నొక్కితే ఆట సేవ్ అవుతుందని తెలిసేనాటికి ఆమె పెళ్లయి, పిల్లలు పుట్టి, ఆ ల్యాబ్ కంప్యూటర్లు పాత సామాన్లకు పోయాయి. "ఎవరన్నా చెప్తే ఏం పోయేది?" అని ఆమె అడిగినప్పుడు హాల్లో మగవాళ్లెవరికీ జవాబు తోచలేదు. పెద్దన్నకు ఆ కిటుకు ముందే తెలుసు కూడా.

తర్వాత ఆమె చెప్పింది విని నేను మర్నాడు నౌబాద్ వెళ్లాను. బీదర్ పక్కనే ఉన్న ఆ నౌబాద్‌లో నేల కింద కరేజ్ ఉంది. భూగర్భ జలాన్ని సొరంగం తవ్వి ఊరికి పారించే ఇరాన్ పద్ధతి, బహమనీల కాలంలో 15వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చింది. గాలీ వెలుతురూ పోవడానికి అక్కడక్కడా పై నుంచి బావుల్లాంటి నిలువు గోతులు. వంగి చూస్తే రాతిలో దిగే చీకటి, అడుగున చల్లదనం. చిన్నప్పుడు బళ్లో పిల్లలు గేమ్‌లో లెవెల్ చూసి "నౌబాద్‌ల ఉన్నది గదా ఇది" అనుకునేవాళ్లట. కాలిఫోర్నియా స్టూడియోలకైతే పర్షియా ఊహలోది. బీదర్ అమ్మాయిలకు అది సైకిల్ మీద వెళ్లొచ్చే దూరం. పర్షియాలోని గిలాన్ నుంచి వచ్చి బహమనీలకు మంత్రి అయిన మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మదరసా ఊరి నడిబొడ్డున, నీలి పలకలు కొన్ని రాలీ కొన్ని మిగిలీ, ఇప్పటికీ నిలబడి ఉంది. ఆ మంత్రి చివరికి దర్బారు కుట్రకే బలయ్యాడు, 1481లో.

చిన్నన్న సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. సీటీసీలో కొన్న పాత కంప్యూటర్, ఫిజిక్స్ రికార్డు వెనక పేజీలో వరసగా రాసుకున్న చీట్ కోడ్లు. ప్యాంజర్ అని కొడితే యుద్ధ ట్యాంకు, యాస్పిరిన్ అంటే ప్రాణం నిండుతుంది, లీవ్‌మీఎలోన్ అంటే పోలీసులు వదిలేస్తారు. ఇంగ్లిష్ పరీక్షలో స్పెల్లింగ్ తప్పేవాడు కూడా యాస్పిరిన్ చివర గేమ్‌వాళ్లు తగిలించిన అదనపు అక్షరంతో సహా రాసేవాడు. 2002లో వచ్చిన జీటీఏ వైస్ సిటీ అది. కంప్యూటర్ మీదికి 2003లో వచ్చింది. కడుతున్న భవనంలోకి బొమ్మ హెలికాప్టర్‌తో బాంబులు మోసే మిషన్ దాటలేక సగం దేశం అక్కడే ఆగిపోయింది. ఆగినా ఎవరికీ బాధ లేదు, బైకెక్కి సముద్రం ఒడ్డున తిరగడమే అసలు ఆట. ఇంజినీరింగ్ కాలేజీ కుర్రాళ్లది కౌంటర్ స్ట్రైక్. ఇంటర్నెట్ లేకపోయినా కేఫ్‌లో వైర్లతో కలిపిన పది కంప్యూటర్లు చాలు. ఎదురు జట్టులోవాడు వెనక సీట్లోనే ఉంటాడు, వాడి తిట్లు రెండు చెవులకూ వినపడతాయి.

పెద్దమ్మది మాత్రం ఆమె నోరు తెరవకముందే అందరికీ తెలుసు. "కరెంటు పోతే నాకేంది, నా ఆటకు టార్చి కూడా ఉన్నది" అంటుంది. నోకియా 1100, పాము. టానేలి అర్మాంటో అనే ఫిన్లాండ్ ఇంజినీరు 1997లో నోకియా 6110 కోసం రాసిన ఆట, తర్వాతి ఫోన్లలో సాగుతూ వచ్చింది. 1100 ఒక్కటే 25 కోట్లకు పైగా అమ్ముడైంది. ఇంట్లో అందరికన్నా పెద్ద స్కోరు తనదేనని పెద్దమ్మ అంటుంది. రుజువు ఆ ఫోన్‌లో ఉంది, ఛార్జర్ దొరకడం లేదు.

ఇప్పటి కుర్రాళ్ల ముందు మూడో ప్రశ్న వేస్తే విచిత్రమైన జవాబు వస్తుంది. కరెంటు పోతే కాదట, ఢిల్లీలో ఆర్డరొస్తే పోతుందట. పబ్‌జీ మొబైల్‌ను కేంద్రం 2020 సెప్టెంబరు 2న మరో 117 యాప్‌లతో కలిపి నిషేధించింది. 2021 జులైలో బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చింది. 2022 జులైలో మళ్లీ మాయమై, 2023 మేలో మళ్లీ తేలింది. వాళ్ల ఆట మధ్యలో ఆగడానికి విద్యుత్ శాఖతో సంబంధమే లేదు. డబ్బు పెట్టి ఆడే రమ్మీ యాప్‌లను పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టం చేసి ఆపింది. వాటి పేరు ఈ హాల్లో ఒక్కసారి కూడా రాలేదు. జేబు ఖాళీ చేసేదాన్ని ఆడేవాళ్లు ఉంటారేమో గానీ ఇష్టమని నలుగురిలో చెప్పుకునేవాళ్లు కనపడరు.

మన దగ్గర చేసిన గేమ్ ఒక్కటి కూడా ఎవరి జవాబుగానూ ఎందుకు రాలేదన్నది నాకు కొరుకుడుపడని సంగతి. హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్ 2009లో ప్లేస్టేషన్ 2 కోసం హనుమాన్ బాయ్ వారియర్ చేసింది. అదే హైదరాబాద్‌లో ఓగ్రె హెడ్ స్టూడియో 2017లో అసుర తెచ్చింది. బీదర్‌కు మూడు గంటల దారిలో పుట్టిన ఈ గేమ్‌లు బీదర్ చేరలేదు, జపాన్‌లో పుట్టినది చేరింది. ఆ క్యాసెట్ దొంగ నకలు, రూపాయికి ఆడించారు, గల్లీలో ఒకడికి దొరికితే పదిమందికి దొరికింది. న్యాయంగా డబ్బాలో ప్యాక్ చేసి అమ్మినదాన్ని కొనగలిగినవాళ్లు గల్లీకి ఒక్కరు కూడా లేరు. బీదర్ కోట చుట్టూ బండను తొలిచిన మూడు వరసల కందకం ఉంది, షర్జా దర్వాజా మీద చెక్కిన పులులున్నాయి, నేల కింద సొరంగం ఉంది. లెవెల్స్ అన్నీ తయారుగా ఉన్నాయి, కట్టేవాడు రావాలి. వస్తే వదినకు మొదటి కాపీ ఇవ్వాలని నా మనవి, సేవ్ బటన్ కాస్త పెద్దదిగా పెట్టి.

పోయిన దసరాకి ఆఖరి వంతు చిన్నన్న కొడుకుది. పదిహేనేళ్ల వాడు, చేతిలో ఫోన్ వదలడు. ఆధారం ఒక్కటే ఇచ్చాడు: "నా గేమ్ నాకంటే నాలుగేళ్లు పెద్దది."

ముందు అందరూ బీజీఎంఐ అనబోయి ఆగారు. లెక్క కుదరలేదు. ఎక్కడ ఆడతావు? "నాన్న పాత ల్యాప్‌టాప్‌ల." పక్కన ఎవరు? "ఎవరూ లేరు, ఒక్కోసారి నాన్న." కరెంటు పోతే? "బ్యాటరీ ఖరాబైంది పెద్దనాన్నా, మొత్తం పోతది." ముప్ఫై ఏళ్ల కిందటి జవాబు పదిహేనేళ్ల వాడి నోట విని పెద్దన్న ముఖం వెలిగింది గానీ పేరు మాత్రం అందలేదు. అక్కడున్న ఎవరికీ అందలేదు.

క్రికెట్ 07. ఈఏ స్పోర్ట్స్ 2006 చివర్లో తెచ్చింది, ఆ తర్వాత ఆ కంపెనీ ఇంకో క్రికెట్ గేమ్ చెయ్యలేదు. కంపెనీ వదిలేసినదాన్ని అభిమానులు పట్టుకున్నారు. అది వచ్చేనాటికి ఐపీఎల్ పుట్టనే లేదు, 2008లో కదా మొదలైంది. కుర్రాళ్లు సొంతంగా ప్యాచ్‌లు రాసి జెర్సీలు, స్టేడియాలు, బ్యాట్ల మీద స్టిక్కర్లు, ఏటా మారే జట్లు అందులో ఎక్కిస్తూ వచ్చారు. వీడి ల్యాప్‌టాప్‌లో ఉన్న గేమ్‌లో నిన్నమొన్నటి ఆటగాళ్లు ఇరవై ఏళ్ల నాటి చేతుల్తో బ్యాట్ ఊపుతున్నారు.

పెద్దన్న ఒప్పుకోలేదు. ఆటగాళ్లను మార్చి, బట్టలు మార్చి, గ్రౌండు మార్చి ఇది పాత గేమే అంటే ఎట్లా, ఇది వేరే గేమ్, ఆధారం తప్పు, కాబట్టి ఓడినవాళ్లు పెట్టాల్సిన చాయ్ వాడే పెట్టాలని వాదన. కాంట్రాలో ఆకాశం రంగు మార్చి కొత్త గేమని అమ్మినవాళ్లను ఏనాడూ ఏమీ అనని మనిషి ఇప్పుడు ఇంత పట్టుదలకు పోయాడు.

"ఆర్‌సీబీల 2008ల ఉన్నోళ్లల్ల కోహ్లీ తప్ప ఇప్పుడు ఎవరున్నరు పెద్దనాన్నా?" అన్నాడు వాడు. "మరి అది మీ టీమే అని ఎట్లంటున్నరు?"